సీతారామారావు గారి పిస్టల్

2022 జూన్‌లో ఒక శనివారం పొద్దున తారక్ మొదటిసారి సీతారామారావు గారి పిస్టల్ కాల్చి చూశాడు.

టొరంటో శివారు స్కార్‌బరో నుంచి ఉత్తరంగా గంటసేపు కారు నడిపితే చేల మధ్య ఒక షూటింగ్ క్లబ్ వస్తుంది. రేకుల షెడ్డు, దాని ముందు వరసగా పది బల్లలు, పాతిక గజాల అవతల పెద్ద మట్టికట్ట, ఆ కట్ట ముందు చెక్క ఫ్రేములకు బిగించిన కాగితం టార్గెట్లు. అంతే క్లబ్బు. సీతారామారావు గారు ముప్పై ఏడేళ్లుగా అందులో సభ్యుడు. కరెంటు సంస్థలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వయసు డెబ్బై నాలుగు. తారక్‌కి ముప్పై ఎనిమిది. కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, డాలస్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి, గ్రీన్‌కార్డు ఈ జన్మకు రాదని తేలాక భార్య ధాత్రితో కలిసి టొరంటో వచ్చినవాడు. ఇంట్లోంచే ఉద్యోగం. మూడేళ్లయినా ఫోన్ చేసి రమ్మనే స్నేహితుడంటూ ఒక్కడూ దొరకలేదు.

వాళ్లిద్దరికీ పరిచయం తెలుగు సంఘం పిక్నిక్‌లో అయింది. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చానని, ఆ రోజులే బాగుండేవని తారక్ ఎవరితోనో మాటవరసకు అంటుంటే, పక్క బల్ల దగ్గర మజ్జిగ తాగుతున్న పెద్దాయన తలతిప్పి అడిగారు.

"శనివారాలు పొద్దున్నే ఏం చేస్తుంటావోయ్?"

"ఏం లేదంకుల్. పడుకుంటా."

"అయితే లేచి నాతో రా."

అలా మొదలైంది. తారక్ రెండు రోజులు క్లాసులకు వెళ్లాడు, పరీక్షలు రాశాడు, తుపాకీ లైసెన్సుకు అప్లై చేశాడు. ఫారం మీద భార్య సంతకం కూడా కావాలి. "ఇంట్లో పెట్టుకోవడానికి ఇంకేం దొరకలేదా నీకు?" అని ధాత్రి నాలుగు రోజులు ఆ ఫారం ఫ్రిజ్ మీదే ఉంచి, ఐదో రోజు సంతకం చేసింది. ఏడు నెలలకు కార్డు వచ్చింది. ఈలోగా సీతారామారావు గారి చూపు మందగించింది. కంటి లోపలి పొర అరిగిపోతోందని డాక్టర్లు చెప్పారు. జనవరిలో డ్రైవింగ్ లైసెన్సు వెనక్కి ఇచ్చేశారు. అప్పటి నుంచి ప్రతి శనివారం తారకే వాళ్లింటికి వెళ్లి ఆయన్ని కారెక్కించుకుని క్లబ్బుకు తీసుకెళ్తున్నాడు.

ఆ రోజు ఆయన పెట్టె మూత తీసి పిస్టల్ని బల్ల మీద పెట్టారు. స్విట్జర్లాండ్‌లో తయారైన టూటూ క్యాలిబర్, అంటే చిన్న తూటాల, టార్గెట్ పిస్టల్. పొడుగాటి సన్నని గొట్టం, అంచుల్లో నలుపు పోయి తెల్లబడిన ఇనుము, వాల్‌నట్ చెక్క పిడి. ఎనభై ఆరులో క్లబ్బులోనే ఒక ముసలి జర్మన్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారట. తారక్ పిడి పట్టుకున్నాడు. చెక్కలో వేళ్లకు గుంటలు ఉన్నాయి. తన వేళ్లు వాటిల్లోకి జారి కుదురుకున్నాయి.

"అంకుల్, ఇది మీరే చెక్కారా?"

"ఆకురాయితో. ఆఫీసులో లంచ్ టైమంతా అదే పని. అప్పట్లో నన్ను లంచ్‌కి పిలిచేవాడు ఎవడున్నాడులే! నలుగురూ ఒక బల్ల దగ్గర, నేనొక్కణ్ణీ ఒక బల్ల దగ్గర. ఈ క్లబ్బులోనే మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచారు. సగం పేరే అనుకో, రావ్ అని. నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటే సైజులా ఉందే?"

"సరిగ్గా కుదిరిందంకుల్."

రేంజ్ ఆఫీసరు కాల్చవచ్చని కేక వేశాక తారక్ ఐదు తూటాలు నింపి, నిలబడి, చెయ్యి చాచి, ఒకదాని తర్వాత ఒకటి కాల్చాడు. చప్పుడు పెద్దగా లేదు. పొడి కొమ్మ విరిగినట్టుంది. చెయ్యి అదరనే లేదు.

"ఎక్కడ తగిలాయి?" అని అడిగారు పెద్దాయన. టార్గెట్ ఆయనకు కనపడదు.

తారక్ దూరదర్శినిలో చూసి చెప్పాడు. "ఎడమపక్కకి పోయినయి. కొంచెం కిందికి."

"పిస్టల్ తప్పేం లేదు. వేలు మరీ లోపలికి పెడుతున్నావు. కొసతో లాగు. మెల్లిగా, వెన్న తీసినట్టు. పేలినప్పుడు నీకే ఆశ్చర్యం వెయ్యాలి."

ఈసారి తారక్ ఊపిరి సగం వదిలి ఆగాడు. గొట్టం కొసనున్న గురి పిన్ను నిశ్చలంగా నిలబడింది. వెనక టార్గెట్ మసకబారింది. ఆ రెండు మూడు క్షణాల్లో తలలో మామూలుగా మోగే రొద అంతా, సోమవారం మీటింగు, అద్దె పెంచుతామన్న ఉత్తరం, ధాత్రితో సగంలో ఆగిపోయిన వాదన, అన్నీ ఎటో పోయాయి. పిస్టల్ పేలింది. నిజంగానే ఉలిక్కిపడ్డాడు. ఐదు కాల్చాక వెళ్లి కాగితం తెచ్చి చూస్తే, నాలుగు చిల్లులు అరచేతిలో ఇమిడేంత జాగాలో, నల్ల వలయం లోపల ఉన్నాయి. పెద్దాయన ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని వేలి కొసతో ఒక్కొక్క చిల్లునూ తడిమారు. ముఖం వెలిగిపోయింది.

"మీరూ ఒక రౌండ్ కాల్చండి అంకుల్."

ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను దేన్ని చూస్తే అదే కనపడదు బాబూ. పక్కనున్న కర్ర కనిపిస్తుంది, గడ్డి కనిపిస్తుంది, మధ్యలో బూడిదరంగు మచ్చ. కనపడని దాని మీద కాల్చకూడదు. మొదటి రూలు."

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన ఆ మాట ఎత్తారు. హ్యాండ్‌గన్‌ల అమ్మకాలు ఆపేస్తామంటూ ఆ ముందు వారమే రాజధాని ఒట్టావాలో బిల్లు పెట్టారు. దుకాణాల ముందు జనం బారులు తీరుతున్నారు.

"దాన్ని నువ్వు తీసుకో తారక్. మూడొందల డాలర్లివ్వు. ఊరికే ఇస్తే నీకు విలువుండదు."

"అంకుల్, మూడొందలకి అలాంటి పిస్టల్ ఎక్కడొస్తుంది?"

"నేను బేరానికి పెట్టలేదు. ఒకటే మాట. బీరువాలో పెట్టి పడుకోబెట్టకు. కాలుస్తూ ఉండు. నేను పక్కన కుర్చీలో కూచుని చప్పుడు వింటాను. అది చాలు నాకు."

తారక్ సరేనన్నాడు. ఆ నిమిషంలో మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆగస్టు రెండో వారంలో పెద్దాయన తన వంతు పని పూర్తి చేశారు. చేతి తుపాకీ ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారాలంటే ముందు అమ్మేవాళ్లు ప్రభుత్వ ఆఫీసుకు ఫోన్ చేసి వివరాలిచ్చి ఒక నంబరు తీసుకోవాలి. తర్వాత కొనేవాళ్లు ఫోన్ చేసి ఆ నంబరూ తమ లైసెన్సు నంబరూ చెప్పాలి. బిల్లు వార్తతో పెరిగిన తాకిడిలో రెండు గంటలు లైన్లో ఉంటేగాని మనిషి పలకడం లేదు. ఆయన స్పీకర్ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర ఓపిగ్గా కూర్చున్నారు. చివరికి ఆఫీసువాళ్లు చెప్పిన నంబరును ఆయన భార్య పద్మ గారు కరెంటు బిల్లు వెనక రాసి, తారక్‌కి ఫోన్ చేసి ఆవిడే చదివి చెప్పారు. తారక్ రాసుకుని, సరిచూసుకోవడానికి తిరిగి చదివి వినిపించాడు.

"అంతే బాబూ, సరిగ్గా రాసుకున్నావు. ఇవాళే చేసెయ్యి, ఆయన నిద్రపోరు," అన్నారావిడ నవ్వుతూ.

తారక్ ఆ రోజు చెయ్యలేదు. మీటింగులున్నాయి. మర్నాడు చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి లైను తెగిపోయింది. అదీ నిజమే. కాని ఆ తర్వాత మళ్లీ చెయ్యలేదంటే కారణం లైను కాదు.

ప్రతి శనివారం ఏడింటికల్లా ఆయన గుమ్మంలో కోటు తొడుక్కుని సిద్ధంగా ఉంటారు. తారక్ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఫోన్. వెళ్లేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట, మధ్యలో మూడు గంటలు. చెప్పిన కథే మళ్లీ చెబుతారు. తిరిగొచ్చాక పద్మ గారు పులిహోర తినకుండా కదలనివ్వరు. కారు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి, మెట్లు లెక్కపెట్టి చెప్పాలి. బుధవారాలు కంటి డాక్టరు దగ్గరకు కూడా వస్తావా అని ఈమధ్య అడగడం మొదలుపెట్టారు. "నీ వీకెండ్ మొత్తం వాళ్లకే పోతోంది కదా," అంది ధాత్రి ఒకసారి. ఆ మాట తారక్ మనసులో నాటుకుంది. ఆ పిస్టల్ తన పేరు మీదకు వస్తే పెద్దాయన కూడా దానితోపాటే వస్తారు. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం పక్కన కుర్చీలో కూర్చుని వింటారు. ఆ కుర్చీ తలుచుకుంటేనే తారక్‌కి ఊపిరాడనట్టుగా అనిపించేది.

సెప్టెంబర్‌లో, పెద్దాయనకు చెప్పకుండా, ఒక తుపాకుల దుకాణానికి వెళ్లాడు. అరలు సగం ఖాళీ. వాడినవి పెట్టే అద్దాల బల్లలో నైన్ ఎంఎం నల్ల పిస్టల్ ఒకటి మిగిలింది. సినిమాల్లో చూసే రకం. ఐదొందల యాభై. చేతికి బరువుగా, కొత్తగా ఉంది. దానికి ఎవరి వేళ్ల గుంటలూ లేవు. దుకాణంవాడే కంప్యూటర్ ముందు కూర్చుని కాగితాల పని పావుగంటలో పూర్తి చేశాడు. "మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. కాని అప్లికేషన్ లోపలికి వెళ్లిపోయింది, భయం లేదు," అన్నాడు.

పెద్దాయన టూటూ కూడా తీసుకుంటాను, బిల్లు పార్లమెంటులోనే ఉంది కదా, ఏడాదైనా పడుతుంది, అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ శనివారం కారులో పెద్దాయన అడిగారు.

"మనది ఏమన్నా కదిలిందిటోయ్?"

"ప్రాసెసింగ్‌లో ఉందంకుల్. అందరివీ లేటవుతున్నయి."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అతను అనుకోలేదు.

అక్టోబర్ ఇరవై ఒకటి, శుక్రవారం. తారక్ ఆఫీసు కాల్‌లో ఉండగా ఫోన్లో వార్త కనిపించింది. బిల్లు కోసం ఆగకుండా ప్రభుత్వం నిబంధన మార్చేసింది. ఆ రోజు నుంచే దేశమంతటా చేతి తుపాకులు కొనడం, అమ్మడం, మరొకరి పేరుకు మార్చడం బంద్. అంతకుముందే దాఖలైన దరఖాస్తులు మాత్రం చూస్తారు. తారక్ కాల్ మ్యూట్ చేసి బీరువా సొరుగులో ఆ నంబరు రాసిన కాగితం కోసం వెతికాడు. దొరికింది. ఫోన్ చేశాడు. గంటా యాభై నిమిషాలకు ఒకమ్మాయి పలికి, ఇవాళ్టి నుంచి కొత్తగా ఏదీ తీసుకోవడం లేదు, సారీ సర్, అంది.

మర్నాడు పెద్దాయన గుమ్మంలో హుషారుగా ఉన్నారు.

"విన్నావా? మనం ఆగస్టులోనే పెట్టేశాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేవాళ్లం చెప్పు!"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. మెట్ల మీద ఆయన చెయ్యి తన చేతిలో ఉంది. "ఒకటి, రెండు, మూడు, ఇంకొక్క మెట్టు," అన్నాడు తారక్.

నవంబర్ గడిచింది. మంచు మొదలైంది. పెద్దాయన వారం వారం ఆ ఆఫీసుకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. స్పీకర్లో సంగీతం మోగుతుండగా కునికిపాట్లు పడేవారు. కొన్నిసార్లు ఎవరో పలికేసరికి ఆయన నిద్రలో ఉంటే, వాళ్లు పెట్టేసేవారు. డిసెంబర్ మధ్యలో తారక్ నైన్ ఎంఎం వచ్చేసింది. దుకాణానికి వెళ్లి తెచ్చుకుని, తాళం వేసిన పెట్టెలో బట్టల అలమర పైన పెట్టాడు. జలుబు, ఆఫీసు పని, రోడ్ల మీద మంచు అని వరసగా మూడు శనివారాలు పెద్దాయన దగ్గరకు వెళ్లలేదు.

జనవరి పదో తారీఖు మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"తారక్, ఇవాళ మనిషి దొరికాడోయ్. చూసి చెప్పాడు. ఆగస్టులో నేను చెప్పింది ఉందిట. కొనేవాళ్లు మాత్రం ఫోనే చెయ్యలేదు అంటున్నాడు. అందుకని మూసేశారుట. నువ్వు చేశావు కదా?"

తారక్ నిలబడ్డవాడల్లా కుర్చీలో కూర్చున్నాడు.

"చేశానంకుల్."

"అదే నేనూ అన్నాను. మా అబ్బాయి చేశాడండీ అని గట్టిగానే చెప్పాను. నంబరు తప్పు పడి ఉంటుంది అన్నాడు వాడు. బాబూ, ఆ నంబరు నేను తప్పు చదివానేమో? ఈ కళ్లతో ఎనిమిదికీ మూడుకీ తేడా తెలియట్లేదు నాకు. నేనే చదివానా ఆ రోజు?"

అవతల ఆయన గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. తారక్‌కి తెలుసు, చదివింది ఆయన కాదు. ఆయనకు గుర్తు లేదు. ఒక్క మాట చాలు. నేను చెయ్యలేదంకుల్, అంటే అయిపోతుంది.

"అయ్యుండొచ్చంకుల్," అన్నాడు తారక్. "ఎవరికైనా అయితది. మీరు మనసులో పెట్టుకోకండి."

"చేతులారా నేనే పాడుచేశాను," అన్నారు ఆయన. "సరేలే. పని చేసుకో."

ఫోన్ పెట్టేశాక తారక్ బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ముఖం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు. ధాత్రి తలుపు తట్టి ఏమైందని అడిగింది. ఏం లేదన్నాడు.

ఫిబ్రవరిలో పద్మ గారు ఫోన్ చేశారు. మాంట్రియల్‌లో ఉన్న కొడుకు కిట్టు వచ్చి వెళ్లాడట. "డాడ్, జస్ట్ హ్యాండ్ ఇట్ ఇన్," అని ఒక్క ముక్కలో తేల్చేశాడట. అమ్మడానికి లేదు, ఎవరికీ ఇవ్వడానికి లేదు. ఉంచుకోవచ్చు, కాని ఆయన తదనంతరం ఆ ఇనుముతో తానెక్కడ వేగాలని ఆవిడ భయం. పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒకరోజు తనే పోలీసులకు ఫోన్ చేసి తీసుకెళ్లమని చెప్పారు.

"గురువారం పదింటికి వస్తారుట. ట్రిగ్గర్ తాళం అంకెలు ఆయనకి కనపడవు, నాకా పెట్టె ముట్టుకోవాలంటే వణుకు. నువ్వొకసారి రా బాబూ," అన్నారావిడ. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

తారక్ సెలవు పెట్టి వెళ్లాడు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గడ్డం గీసుకుని, ముందుగదిలో కూర్చుని ఉన్నారు. గడ్డం కింద ఒకచోట తెల్ల వెంట్రుకలు అలాగే మిగిలిపోయాయి. తను చూడని ఈ రెండు నెలల్లో మనిషి సగమయ్యారు. తారక్ గొంతు విని ముఖం ఇటు తిప్పారు. చూపు మాత్రం తారక్ భుజం మీదుగా ఎటో వెళ్లింది.

"రోడ్లు ఎలా ఉన్నాయోయ్?"

"బానే ఉన్నయంకుల్."

"తాళం నంబరు ఏడు, ఒకటి, తొమ్మిది. తీశాక శుభ్రంగా ఉందో లేదో చూడు. మురికి వస్తువు ఇవ్వకూడదు."

బేస్‌మెంట్‌లోకి దిగి తారక్ ఇనప్పెట్టె తెరిచాడు. పిస్టల్ మీద నూనె నిగనిగలాడుతోంది. కనపడని కళ్లతోనే ఆయన తుడిచిపెట్టారు. ట్రిగ్గర్ తాళం తీసి, గొట్టంలో తూటా లేదని రెండుసార్లు చూసి, పైకి తెచ్చి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. పెద్దాయన చెయ్యి చాచి పిడి మీద వేశారు. ఎత్తలేదు. అలా వేసి ఉంచారు.

పదింటికి వచ్చిన పోలీసు కుర్రది. గుమ్మంలోనే బూట్లు విప్పింది. పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, నంబరు రాసుకుని, ఇది చాలా పాతదా సర్ అని మర్యాదగా అడిగింది.

"ఇది ఏం చేస్తారమ్మా?" అని ఇంగ్లీషులో అడిగారు పెద్దాయన.

"కరిగించేస్తారు సర్."

"చెక్క పిడి విప్పి నాకివ్వచ్చా?"

ఆ అమ్మాయి ఇబ్బందిగా తారక్ వైపు చూసింది. రిజిస్టరైన వస్తువు ఎలా ఉంటే అలాగే తీసుకెళ్లాలని, పైవాళ్లను అడిగి చెప్పగలనేమో కాని మాట ఇవ్వలేనని అంది. "పరవాలేదు, వదిలెయ్యి," అన్నారాయన. సంతకం పెట్టాల్సిన గీత కనపడక, కలం కాగితం మీద వెతుక్కుంటుంటే తారక్ ఆయన మణికట్టు పట్టుకుని గీత దగ్గరకు జరిపాడు. ఆ సంతకం గీత దాటి కిందికి జారిపోయింది. ఆ అమ్మాయి పిస్టల్ని ఒక మందపాటి సంచిలో వేసి, అంటించి, రసీదు చించి ఇచ్చి వెళ్లిపోయింది. మొత్తం పన్నెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పెద్దాయన రసీదును మడిచి జేబులో పెట్టుకుని, కాసేపు పడుకుంటానని గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లారు.

తారక్ కోటు తొడుక్కుంటుంటే పద్మ గారు గుమ్మం దాకా వచ్చి, లోపలి తలుపు దగ్గరగా వేశారు.

"ఆ నంబరు చదివింది నేను," అన్నారు.

తారక్ జిప్పు మీద చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు తిరిగి చదివి వినిపించావు కూడా. ఒక్క అంకె తప్పు లేదు. ఆ కరెంటు బిల్లు ఇంకా నా దగ్గరుంది."

"ఆంటీ..."

"నువ్వెందుకు చెయ్యలేదో నేను అడగను. నీకూ నీ బతుకుంది. శనివారం శనివారం ఒక ముసలాయన్ని మొయ్యాలంటే ఎవరికైనా విసుగే. ఆ మాట మాతో అనుంటే క్లబ్బులో ఇంకెవరికో ఇచ్చుకునేవాళ్లం. అడిగినవాళ్లున్నారు. మా అబ్బాయి తారక్‌కే ఇస్తానని ఆయనే వాళ్లకి లేదన్నారు."

"ఆయనకు చెప్తానాంటీ. ఇప్పుడే చెప్తా." తారక్ మళ్లీ బూట్లు విప్పబోయాడు.

ఆవిడ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "వద్దు. కళ్ల వల్ల పోయిందనుకుంటున్నారు. తన కళ్లని తిట్టుకుంటున్నారు. అది పోనీ, ఎలాగూ తిట్టుకుంటూనే ఉన్నారు. నువ్వు చెబితే నీ గుండె తేలికవుతుంది. ఆయనకేం మిగులుతుంది? ఈ దేశంలో తనంతట తాను సంపాదించుకున్న ఆఖరి స్నేహితుడివి నువ్వు. అది కూడా తీసుకుపోకు."

తారక్ బయటికి వచ్చాడు. కారులో కూర్చుని తాళం తిప్పాడు గాని ఎటు వెళ్లాలో తోచలేదు. ముందుగది కిటికీ తెర అవతల పద్మ గారి నీడ కదిలింది, తర్వాత అదీ లేదు.

ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ పద్మ గారే ఎత్తి, పడుకున్నారు బాబూ, లేచాక చెబుతానులే, అన్నారు. పెద్దాయన తనంతట తాను చెయ్యలేదు. మూడోసారి చెయ్యడానికి తారక్‌కి ధైర్యం చాలలేదు.

మంచు కరిగాక, ఏప్రిల్ చివర్లో, ఒక శనివారం ఒక్కడే నైన్ ఎంఎం పట్టుకుని క్లబ్బుకు వెళ్లాడు. రేంజ్ ఆఫీసరు దూరం నుంచే చెయ్యెత్తి, రావ్ ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నారని చెప్పాడు. ఇంకో ఇద్దరు అదే అడిగారు, వాళ్లకూ అదే చెప్పాడు. పది తూటాలు నింపి కాల్చాడు. పెద్ద చప్పుడు, చేతిలో పెద్ద అదురు. చిల్లులు కాగితమంతా చెల్లాచెదురుగా పడ్డాయి. వేలు ఎక్కడ పెడుతున్నాడో చెప్పేవాళ్లు లేరు. తలలో రొద ఒక్క క్షణం కూడా ఆగలేదు. మరో పది నింపాడు గాని చెయ్యి పైకి లేవలేదు. తూటాలు తీసేసి, తాళం వేసి, పెట్టెలో పెట్టి ఇంటికి వచ్చేశాడు.

మళ్లీ వెళ్లలేదు. క్లబ్బు చందా గడువు దాటింది. పిస్టల్ బట్టల అలమర పైనే ఉంది. దాన్ని అమ్మడానికి వీల్లేదు, ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. "వాడనప్పుడు ఇంట్లో ఎందుకది, ఇచ్చెయ్యరాదూ," అని ధాత్రి ఒకటికి రెండుసార్లు అంది. పోలీసులకు ఫోన్ చెయ్యాలని అతనూ అనుకుంటాడు. నంబరు నొక్కుతాడు, సంగీతం మొదలవగానే పెట్టేస్తాడు.

శనివారాలు పొద్దున ఆరున్నరకే మెలకువ వస్తుంది. లేవడు. ధాత్రి లేచి టీ పెట్టుకుని తాగి బజారుకు వెళ్లి వచ్చేదాకా, గోడ వైపు తిరిగి అలాగే పడుకుని ఉంటాడు.